వద్దనలేదు కాబట్టి

మధ్యాహ్నం మూడు కాగానే హెక్టర్ మెకిసాక్ పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టి, టాబ్లెట్‌ను పంచదార డబ్బాకు ఆనించి, వంటింటి బల్ల ముందు కూర్చునేవాడు. కెనడాలో, కేప్ బ్రెటన్ దీవిలోని గ్లేస్ బే పట్టణంలో, ఆ వీధి వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. మూడు నుంచి నాలుగు దాకా ఆయన తలుపు ఎవరూ తట్టరు. అది ఆయనా, ఆయన భార్య మోరాగ్ కలిసి టీ తాగే వేళ.

మోరాగ్ ఆ ఇంట్లో లేదు. మతిమరుపు జబ్బు ముదిరి, ఒకనాడు చెప్పులైనా లేకుండా మంచులోకి నడిచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమెను సంరక్షణ గృహంలో చేర్చక తప్పలేదు. ఊళ్లో ఖాళీ లేదు. చోటు దొరికింది కొండలవతల, ఉత్తర తీరాన. వేసవిలో కారులో రెండు గంటల దారి. చలికాలం వచ్చిందంటే ఆ దారి ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం. డెబ్బై ఆరేళ్ల మనిషి, పాతికేళ్లు గనిలో బొగ్గు పొడి పీల్చిన ఊపిరితిత్తులతో, ఆ మంచులో బండి నడపడం అయ్యే పని కాదు.

అందుకే ఇంటర్నెట్. తెర మీద హెక్టర్ ముఖం, ఆయన వెనక నలభై ఏళ్లు తను వండి వార్చిన వంటిల్లు కనబడగానే మోరాగ్ కళ్లు తేటపడేవి. ఒట్టి టెలిఫోన్‌లో గొంతు మాత్రమే వినిపిస్తే బెదిరిపోయేది. ముఖమూ వంటిల్లూ రెండూ ఉండాలి. అప్పుడు హెక్టర్, వాళ్ల పూర్వీకుల గేలిక్ భాషలో అమ్మమ్మల కాలపు పాట ఒకటి ఎత్తుకునేవాడు. ఆయన చరణం పాడితే ఆమె పల్లవి అందుకునేది. సొంత చెల్లెలి పేరు మరిచిపోయిన మనిషి, ఆ పల్లవిలో ఒక్క మాట తప్పేది కాదు. ఇల్లాలు తనను మరిచిపోకుండా ఆ ముసలాయన రోజూ ఓ గంటసేపు పట్టుకుని వేలాడిన తాడు అది.

నవంబరులో ఇంటి వెచ్చదనానికి చమురు పోయించుకోబోతే, ఖాతాలో డబ్బు చాలలేదని బ్యాంకు చెప్పింది. హెక్టర్ ఆశ్చర్యపోయాడు. తాగుడా, జూదమా, ఏ దుబారా ఎరగడు. చర్చిలో పుస్తకాలు చూసే ఆవిడను బతిమాలి బిల్లులు తీయించి చూస్తే, ఇంటర్నెట్ ఖర్చు ఏడాదిగా దాదాపు రెట్టింపు కోసుకుంటున్నారని తేలింది. ఆయన అడగని మూడు సేవలు అందులో ఉన్నాయి. వెంటనే కంపెనీకి ఫోన్ చేశాడు.

"చిన్నారుల వినోదం అట! అమ్మాయ్, ఈ ఇంట్లో ఉన్న ఆఖరి చిన్నారిని నేనే. నాకు బొమ్మల కార్యక్రమాలు ఎవరు పెట్టమన్నారు?"

అవతల ఫోన్ ఎత్తిన షార్లీన్‌కు నవ్వొచ్చింది. గనులు మూతపడ్డాక ఆ ఊరికి మిగిలిన కొద్దిపాటి ఉద్యోగాల్లో ఆమెది ఒకటి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని రోజుకు అరవై మందికి జవాబు చెప్పాలి.

"క్షమించాలి మెకిసాక్ గారూ. పోయినేడు మీకు కొత్త ఇంటర్నెట్ బాక్స్ పంపాం కదండీ, అప్పుడు ఇవి మూడు నెలలు ఉచితంగా వచ్చాయి. మీరు వద్దని చెప్పకపోతే వాటంతటవే కొనసాగుతాయండి."

"వద్దని చెప్పాలంటే, ముందు ఇచ్చారని నాకు తెలియాలిగా?"

ఆమె ముందు కంపెనీ పెట్టిన జవాబుల కాగితంలో ఈ ప్రశ్నకు జవాబు రాసి లేదు. 

"నీ యాస మన ఊరిదిలా ఉందే. ఎవరి పిల్లవమ్మా నువ్వు?"

సొంత సంగతులు చెప్పకూడదని కంపెనీ నియమం. కానీ ఆ దీవిలో ఆ ప్రశ్న అడిగితే జవాబు చెప్పకపోవడం అమర్యాద.

"విన్స్ బుటిలియర్ కూతుర్నండి."

"ఏ విన్స్? ఈలల విన్సా? ఓరి దేవుడా! గనిలో మీ నాన్న ఈల వినబడితే చాలు, అంతా క్షేమమని మేం భోజనం డబ్బాలు విప్పుకునేవాళ్లం. వాడి కూతురు దొరికాక ఇంక నాకు దిగులేంటి? నువ్వెలా చెబితే అలాగే కానీ తల్లీ."

పాఠకులు ఇక్కడ ఆమె కష్టం కూడా గ్రహించాలి. ఒక్కో సేవ తీసేసినప్పుడల్లా అది ఆమె పేరు మీద నష్టంగా పడుతుంది. ఆ వారం అప్పటికే ఆమె కంపెనీ పెట్టిన పరిమితి దాటిపోయింది. పై అధికారి బ్రెంట్ ఒకసారి హెచ్చరించాడు కూడా. షార్లీన్ రెండు సేవలు తీసేసింది. మూడోదాని దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"బాబాయ్, ఇదొక్కటి ఇంకో మూడు నెలలు ఉచితంగా ఉంచుతాను. పైసా పడదు. గడువు రాకముందే నేనే తీసేస్తాను, సరేనా?"

"నువ్వు చూసుకుంటానన్నావు, చాలు."

ఆమె అబద్ధం చెప్పలేదు. తీసేయాలనే అనుకుంది. ఒక చీటీ మీద రాసుకుంది కూడా. కానీ మూడు నెలల్లో ఎన్ని వేల గొంతులు ఆమె చెవిలో పడి ఉంటాయో! ఆ చీటీ ఎక్కడ పోయిందో ఆమెకే తెలియదు. ఫిబ్రవరిలో ఉచితం కాస్తా ఖరీదైంది. దానితోపాటు, ఆ ఖరీదుకు తగిన పెద్ద పథకంలోకి ఖాతా తనంతట తానే మారిపోయింది.

ఆ ఏడు ఫిబ్రవరి చలి ఎముకలు కొరికింది. హెక్టర్ బిల్లు చూసుకున్నాడు. చమురు తొట్టి చూసుకున్నాడు. మళ్లీ ఫోన్ చేయలేదు. విన్స్ కూతురు మాటిచ్చాక ఇలా జరిగిందంటే, తనే ఏదో తప్పు నొక్కి ఉంటానని అనుకున్నాడు. ముసలితనంలో మనిషికి లోకం కంటే ముందు తన మీదే అనుమానం వస్తుంది. పక్కింటివాళ్లను అడగడానికి మొహం చెల్లలేదు. బాక్స్ ఊడదీసి, కంపెనీ దుకాణంలో ఇచ్చి, ఇంటర్నెట్ మానుకుని, ఆ డబ్బుతో చమురు పోయించుకున్నాడు.

ఒకరోజు గ్రంథాలయానికి వెళ్లి అక్కడి కంప్యూటర్‌లో ప్రయత్నించాడు. ఆయన వెనక పుస్తకాల బీరువాలు, తెలియని మనుషులు కనబడేసరికి మోరాగ్ ఏడుపు లంకించుకుంది. నర్సు కంగారుగా తెర ఆపేసింది.

"మెకిసాక్ గారూ, దారి తెరిచాక మీరే రండి. ఇలా అయితే రాత్రంతా నిద్రపోదు" అంది నర్సు ఫోన్‌లో.

కొండ దారి సరిగ్గా తెరిచేసరికి ఏప్రిల్ వచ్చింది. నడుమ ఏడు వారాలు గడిచిపోయాయి. హెక్టర్ గడ్డం గీసుకుని, ఆమెకు ఇష్టమైన ఓట్ బిస్కెట్లు కట్టించుకుని వెళ్లాడు. మోరాగ్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆయన ఎదురుగా కూర్చుని పాట ఎత్తుకున్నాడు. చరణం పూర్తిచేసి ఆగాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని శ్రద్ధగా విన్నది. పల్లవి అందుకోలేదు. ఆయన మళ్లీ పాడాడు. మళ్లీ ఆగాడు.

"చాలా బాగా పాడారండీ" అంది మోరాగ్ మర్యాదగా. "మీరు ఎవరి తాలూకు?"

హెక్టర్ తన తండ్రి పేరు చెప్పాడు. ఆ మనిషిని తానెరగనని ఆమె నొచ్చుకుంటూ చెప్పి, ఆయన తెచ్చిన బిస్కెట్ల పొట్లం ఆయన ముందుకే జరిపింది. "తీసుకోండి, దూరం నుంచి వచ్చినట్టున్నారు."

మే నెలలో షార్లీన్ చేతికి ఒక జాబితా వచ్చింది. కంపెనీని వదిలివెళ్లిన వారికి ఫోన్ చేసి, తాయిలాలు చూపి వెనక్కి రప్పించాలి. పదకొండో పేరు చూడగానే ఆమెకు ఆ చీటీ గుర్తొచ్చింది.  వెంటనే నంబరు నొక్కింది. హెక్టర్ జరిగిందంతా చెప్పాడు. ఒక్క పరుషమైన మాట అనలేదు.

"నీ తప్పేం లేదులే తల్లీ. ఆ జబ్బే అంత. ఎప్పటికైనా మరిచిపోయేదే అంటున్నాడు డాక్టరు."

"ఎప్పటికైనా వేరు, ఇప్పుడు వేరు బాబాయ్" అని షార్లీన్ భోరుమంది.

ఆమె తిన్నగా బ్రెంట్ దగ్గరికి వెళ్లింది. "ఆయన అడగలేదు. మనం అంటగట్టాం" అంది.

"వద్దనలేదుగా?" అన్నాడు బ్రెంట్. అతను దుర్మార్గుడు కాదు. అతనికీ ఇంటి అప్పుంది, అతనికీ పైన ఒకడున్నాడు. "ఆయన డబ్బు వెనక్కి పంపిద్దాం. ఇంతటితో వదిలెయ్. ఈ ఊళ్లో ఇంకో ఉద్యోగం ఎక్కడుంది చెప్పు?"

లేదు. ఆ సంగతి తెలిసే ఆమె రాజీనామా రాసింది.

ఆ శరదృతువులో ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ఒక విచారణ సంఘం వచ్చి, అగ్నిమాపక దళం వారి హాలులో కూర్చుంది. షార్లీన్ లేచి, తాను ఎన్ని వందల ఇళ్లకు అడగని సేవలు ఎలా తగిలించిందో దాచకుండా చెప్పింది. తర్వాత హెక్టర్‌ను పిలిచారు. కంపెనీ తరఫు వకీలు వినయంగానే అడిగాడు.

"మీ సొమ్ము అణాపైసలతో తిరిగొచ్చింది కదండీ?"

"వచ్చిందండి."

"క్షమాపణ ఉత్తరం కూడా?"

"వచ్చిందండి. మంచి కాగితం."

"మరి ఇంకా మీకు ఏం కావాలి?"

 "ఆ ఏడు వారాలండి" అన్నాడు హెక్టర్.

 వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మరుసటి ఏడు నియమం మారింది. కొనేవారు ఒప్పుకున్నట్టు కంపెనీలే ముందుగా టిక్కు పెట్టి ఉంచిన గడులు ఇకపై చెల్లవన్నారు. అప్పటికి మోరాగ్ మట్టిలో కలిసి మూడు నెలలైంది. చివరిదాకా ఆమె హెక్టర్‌ను పాటలు పాడే పెద్దమనిషిగానే ఎరిగింది. వస్తే సంతోషించేది, వెళ్తుంటే "జాగ్రత్తండీ" అనేది. షార్లీన్ ఇప్పుడు చేపల కర్మాగారంలో, సగం జీతానికి, చన్నీళ్లలో చేతులు నానబెట్టుకుంటోంది. ఆదివారాలు హెక్టర్ ఇంటికి రొట్టె పట్టుకెళ్తుంది.

విచారణ ముగిసిన రోజున ఆ సంఘానికి పెద్దగా కూర్చున్న వృద్ధ న్యాయమూర్తి చెప్పిన మాటలు ఆ ఊరివాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. "వీళ్ల దగ్గర తీసుకున్నది చిన్న మొత్తమే అని కంపెనీ అంటోంది. తీసుకున్నవారికి అది చిన్నదే. పోగొట్టుకున్నవారికి దాని వెనక ఏముందో తీసుకున్నవారు ఒక్కనాడూ అడగలేదు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు అంటారు, నిజమే. కానీ అది ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి అడిగిన మాటకే వర్తిస్తుంది. అసలు అడగనే అడగకుండా ఒక మనిషి మౌనాన్ని ఒప్పుదలగా రాసుకోవడం వ్యాపారం కాదు, దొంగతనం."