గేటు ముందు రెండు బళ్ళు

ఆగండాగండి, చేతిలో పని కాస్త పక్కన పెట్టి ఇది వినండి. జైలు గేటు దాటి బయటికొచ్చిన పెళ్ళానికి మొగుడు మొట్టమొదట ఏం చెప్తాడనుకుంటున్నారు? ఎలా ఉన్నావనా? చిక్కిపోయావనా? అబ్బే. "వాషింగ్ మెషిన్ నీళ్ళు కక్కుతోంది, దాని సంగతి నీకే తెలుసు," అన్నాడాయన. అనేసి కారు డోరు తీసి పట్టుకున్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. కోపం రావాల్సిన చోట నవ్వెందుకొచ్చిందా అని వెంటనే ఆలోచనలో పడింది కూడా. ఆమె తీరే అంత. చిన్నప్పుడు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసేదని వాళ్ళ నాన్న "ఎందుకమ్మా" అని పిలిచేవాడు. పెళ్ళయ్యాక అవే ప్రశ్నలు అత్తగారికి ఎదురు సమాధానాల్లా వినిపించడంతో మెల్లగా నోరు మూసుకుంది. మళ్ళీ జైల్లోనే తెరుచుకుంది. అక్కడి ఆడవాళ్ళు రెండు రోజులు చూసి, ఎవరూ చెప్పకుండానే ఆమెకి అదే పేరు పెట్టేశారు. ఎందుకమ్మ.

గేటుకి ఇంకో పక్క, గోడ నీడలో, స్కూటర్ మీద మరో మనిషి కూర్చుని ఉంది. ఆవిడ పేరు గేటక్క. అది కూడా లోపలివాళ్ళు పెట్టిందే. మత్తుకి అలవాటుపడి జైలుకొచ్చినవాళ్ళు విడుదలైన రోజున, వాళ్ళని గేటు దగ్గరే పట్టుకుని ఊళ్ళోని వైద్యం సెంటరుకి చేర్చడం ఆవిడ ఉద్యోగం. మధ్యలో ఉన్న ఆ కాస్త దారిలోనే మనుషులు జారిపోతారట. పోయిన వారం లోపలికొచ్చి ఎందుకమ్మతో మాట్లాడినప్పుడు, "పొద్దున్నపూట నీకంటూ ఎంతసేపు దొరుకుతుంది?" అని అడిగింది. సెంటరుకి రోజూ పొద్దున్నే వెళ్ళాలి కాబట్టి అడిగిన మామూలు ప్రశ్న అది. ఎందుకమ్మ ఎంత వెతుక్కున్నా జవాబు దొరకలేదు. ఇంతకాలం అందరినీ ప్రశ్నలడిగిన మనిషిని ఇంత చిన్న ప్రశ్న ఎవరూ ఎందుకు అడగలేదో అని ఆ వారమంతా అదే ధ్యాస.

ఆమె ఒక హాస్పిటల్లో మందుల కౌంటర్ దగ్గర పనిచేసేది. రోజంతా నిలబడే ఉద్యోగం. స్టూలు వేయించండి సార్ అంటే మేనేజర్, "కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తావమ్మా," అన్నాడు. ఇంటికొస్తే స్టవ్ ముందు నిలబడే రెండో ఉద్యోగం, దానికి జీతమూ లేదు ఆదివారమూ లేదు. కాన్పు తర్వాత నడుం పట్టేసింది. డాక్టరు నొప్పి మాత్ర రాశాడు, నల్లమందు జాతిది. అది వేసుకున్న మొదటి రోజు ఆమె ఇంట్లో దుప్పట్లన్నీ ఉతికి, బాత్రూంలు కడిగి, చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టాలకి వండిపెట్టి, అప్పటికీ నవ్వుతూనే ఉంది. "ఇన్నాళ్ళకి మా కోడలు దారిలో పడింది," అని అత్తగారు ఫోన్లో ఆడపడుచుకి చెప్పింది. ఆ మాట తలుచుకుంటే ఎందుకమ్మకి ఇప్పటికీ వింతే. ఆ ఇంట్లో తనకి దొరికిన ఒకే ఒక్క మెప్పు, నిజానికి మాత్రకి దొరికిన మెప్పు. డాక్టరు ఇక చాలన్నాక కౌంటర్ వెనక అరలోంచి ఒక స్ట్రిప్పు తీసింది, తర్వాత డబ్బాలే తీసింది. పట్టుబడ్డ రోజు భర్త, "మా పరువు గుర్తురాలేదా నీకు?" అన్నాడు. నడుం ఎలా ఉందని అప్పుడు కూడా ఎవరూ అడగలేదు.

లోపల నర్సు రోజూ నాలుక కింద పెట్టుకునే మందు ఇచ్చేది. అదెలా పనిచేస్తుంది, ఎందుకు మానకూడదు అని ఎందుకమ్మ ఆవిడ వెంటపడి తెలుసుకుంది. "బయటికెళ్ళిన మొదటి రోజులే గండం తల్లీ," అంది నర్సు. ఈ మందు ఆపేస్తే పాత కోరిక లేస్తుందట. అప్పుడు ఆ నొప్పి మాత్రలు పాత లెక్కనే మింగితే, ఒళ్ళు ఇప్పుడు ఆ ఒళ్ళు కాదు కాబట్టి, నిద్రలోనే ఊపిరి ఆగిపోతుందట. ఇవాళ్టి మందు సెంటర్లోనే తీసుకోవాలి. సెంటర్ మధ్యాహ్నానికి మూసేస్తారు, రేపు సెలవు కాబట్టి రేపటిది కూడా ఇవాళే ఇస్తారు.

ఇదంతా ఆమె భర్తకి చెప్పింది. ఆయన విన్నాడు, పాపం, ఓపిగ్గానే విన్నాడు. నాలుగు రోజులు ఇంట్లో ఉండి ఆ తర్వాత చూద్దామన్నాడు. మనసు గట్టిగా ఉంటే మందుతో పనేంటన్నాడు. జలుబు చేస్తే మూడు రోజులు మంచం దిగని మనిషి మనసు గట్టిదనం గురించి చెప్తుంటే ఆమె ఆయన ముక్కు వంకే చూస్తూ నిలబడింది. పాప పొద్దుటి నుంచి కిటికీ దగ్గరే కూర్చుందన్నాడు. ఆ మాటకి ఆమె కాలు దానంతట అదే కారులోకి వెళ్ళింది.

"అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది," అన్నాడప్పుడు. "మూడు పూటలా నొప్పి మాత్రలు, వేళకి వెయ్యాలి. నాకు ఆఫీసు. నువ్వైతే మందులు తెలిసినదానివి కదా."

ఏం మాత్రలని అడిగింది. ఆయన పేరు చెప్పాడు. అవే.

ఆయన మొహంలోకి వెతికి చూసింది. కుట్ర లేదు, కోపం లేదు, పరీక్ష పెడుతున్నట్టు కూడా లేదు. ఆ రెండు విషయాలూ ఆయన పక్కపక్కన పెట్టి చూసుకోనే లేదు, అంతే. ఒక మనిషి పక్కనే ఇన్నేళ్ళు పడుకుని, ఆ మనిషిని ఏది జైలు దాకా తెచ్చిందో గుర్తుపెట్టుకోకుండా ఉండటం ఎలా సాధ్యమా అని ఆమెకి నిజంగానే తెలుసుకోవాలనిపించింది. ఆ వెంటనే ఇల్లు కళ్ళముందుకొచ్చింది. గిన్నెలన్నీ కడిగేసరికి నడుం మండుతుంది, అత్తగారి మంచం పక్కన మాత్రల డబ్బా ఉంటుంది, ఇంట్లో అందరూ పడుకుని ఉంటారు, చెయ్యి ఎవరినీ అడగదు. తెల్లారి లేపడానికొచ్చేది పాప.

కాలు బయటికి తీసేసింది.

గేటక్క స్కూటర్ దిగి దగ్గరికొచ్చింది. "నిన్ను లాక్కెళ్ళే హక్కు నాకు లేదమ్మా. వస్తానంటే తీసుకెళ్ళే పని మాత్రం ఉంది."

"వస్తాను," అంది ఎందుకమ్మ. భర్త వైపు తిరిగింది. "ఏవండీ, పాప కోసమే అటు వెళ్తున్నాను. నేనొచ్చేలోపు ఆ మాత్రలు తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. అత్తయ్యకి మూడు పూటలా మీరే వెయ్యండి. కుదరదంటే, గేటక్క వాళ్ళ హాస్టల్లో ఒక మంచం ఉందట, అక్కడే పడుకుంటాను. పాపని తీసుకొచ్చి చూపించండి."

"మా అమ్మకి నేను మాత్రలు వెయ్యడమేంటి?" అన్నాడు. నిజంగా అర్థం కాకే అడిగాడు.

"మీ అమ్మే కదండీ," అంది.

ఆయన కారు డోరు ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఆమే మళ్ళీ అంది, మా వెనకే రండి, సెంటర్లో డాక్టరుంటారు, నేను చెప్పింది నమ్మకపోతే మీ చెవులతో మీరే విందురుగాని, దారి కూడా పెద్ద దూరమేం కాదట. అని హెల్మెట్ పెట్టుకుని గేటక్క వెనక కూర్చుంది. స్కూటర్ మలుపు దాకా వెళ్ళేసరికి ఆయన కారులో కూర్చున్నాడు, ఇంజన్ వేశాడు, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు. కుడివైపుకి వెళ్తే సెంటర్. ఎడమవైపుకి వెళ్తే వాషింగ్ మెషిన్, మాత్రల డబ్బా, వేళకి మాత్ర పడని తల్లి, కిటికీ దగ్గర కూతురు.

ఆమె సంగతి తేలిపోయింది కాబట్టి ఆమె గురించి మిమ్మల్నేం అడగను. ఆ స్టీరింగ్ ముందు కూర్చున్నది మీరైతే, బండి ఎటు తిప్పుతారు?