మోకాళ్ల మీద మూడు నిమిషాలు

“ఇంట్లోనే ఉంటావుగా, మెల్లిగా ఒలుచుకో,” అని అరటిగెల వంటింటి గుమ్మంలో దింపి, నబుకెన్యా మొగుడు కిజ్జా బూట్లు తుడుచుకున్నాడు.

అప్పటికి తొమ్మిదింపావు. పదింటికి నబుకెన్యాకి గంటసేపు మీటింగు, వారానికి మూడు రోజులు ఉండేదే. గెల చూస్తే చూడి మేకంత ఉంది. మటోకె, అంటే ఈ కూర అరటి, ఒలిస్తే జిగురు చేతులకి పట్టుకుని నల్లగా ఆరిపోతుంది, నూనె రాసి రుద్దినా ఒక పట్టాన వదలదు. ఒలిచి, అరటాకుల్లో మూటకట్టి, పొయ్యి మీద ఆవిరికి పెట్టేసరికే గంట పడుతుంది. కిజ్జా చెడ్డవాడేం కాదు. టౌన్లో బీమా ఆఫీసులో ఉద్యోగం, తాగడు, అరవడు. కాకపోతే ఆయన లెక్కలో పని అంటే బూట్లేసుకుని వెళ్లేది. ఇంట్లో చెప్పులతో తిరుగుతూ చేసేదేదీ పని కాదు. “నీదేముంది, కుర్చీలో కూర్చుని మాట్లాడతావు” అంటాడు. ఆయన మటుకు ఆఫీసులో చెట్టెక్కి మాట్లాడతాడు కాబోలు!

నబుకెన్యా పనిచేసేది కాఫీ రైతులకి వాన కబుర్లు, తెగుళ్ల కబుర్లు ఫోన్లో పంపే ఒక చిన్న సంస్థలో. జట్టులో ఐదుగురు. పెద్దాయన వఫూలా, ఆయన పక్క బల్ల దగ్గర కిగ్గుండు, వీళ్లిద్దరూ కంపాలా ఆఫీసులో కూర్చుంటారు. గులూలో లాకెర్ అనే అమ్మాయి, ఎంబరారాలో టుమ్వినె అనే కుర్రాడు, ఊరి చివర క్యాంజాలో నబుకెన్యా, ఈ ముగ్గురూ ఇళ్ల నుంచే పనిచేస్తారు. ఇప్పుడు వఫూలాకి పై ఉద్యోగం వచ్చింది. ఆ కుర్చీ జట్టులో ఒకరికి ఇస్తారట. నబుకెన్యాది ఐదేళ్ల అనుభవం, కిగ్గుండుది రెండేళ్లు. ఆ కుర్చీ తనకి కావాలి. మొహమాటంతో ఎవరితోనూ అనలేదు గానీ, అద్దం ముందు నిలబడి రెండుసార్లు అనుకుంది కూడా: కావాలి, నాకు కావాలి.

అడ్డల్లా పది గంటలు.

నాలుగు నెలల కిందట అత్తగారు నమయంజ కంటి ఆపరేషన్‌కని మసాకా నుంచి వచ్చింది. కళ్లు బాగుపడ్డాయి. ఇప్పుడు గోడ మీద చీమ ఆడదో మగదో కూడా చెప్పగలదు. వెళ్లే మాట మాత్రం ఎత్తదు. రోజూ స్నానం చేసి, గోమెసి అనే పొడుగు గౌను తొడుక్కుని, నడుముకి పట్టీ బిగించి, సరిగ్గా పదీ ఐదుకి హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. కూర్చోగానే కోడలు వెళ్లి మోకాళ్ల మీద వాలి పలకరించాలి. రాత్రి ఎలా నిద్రపట్టింది, ఊళ్లోవాళ్లెలా ఉన్నారు, తోట ఎలా ఉంది. తర్వాత ఈవిడ “ఊఁ” అంటే ఆవిడ “ఊఁ” అనాలి, మళ్లీ ఈవిడ, మళ్లీ ఆవిడ, గొంతు తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ, పెద్దావిడ ఆపేదాకా. మూడు నిమిషాలు. ఆవిడ హుషారుగా ఉంటే ఐదు. మధ్యలో లేవడమంటే మొహాన ఉమ్మేసినంత పని.

వఫూలాగారేమో నెల కిందట ఎక్కడో శిక్షణకి వెళ్లొచ్చి కొత్త నియమం పెట్టాడు. “దూరం నుంచి పనిచేసేవాళ్లు కెమెరా తెరిచే ఉంచాలి. మనిషి కనపడితేనే నమ్మకం.” వినడానికి బాగానే ఉంది. పదీ ఐదుకి నబుకెన్యా తెర మీంచి మాయం. ఖాళీ కుర్చీ, వెనక కర్టెన్. తిరిగొచ్చి, ఊపిరి అందకుండా, “సారీ అండీ, నెట్ పోయింది” అంటుంది. అదే ఆమె చేసిన తప్పు. నెట్ పోతే కుర్చీ ఎలా కనపడుతుంది? ఆ ముక్క ఆమెకి తట్టలేదు. మైకులోంచి “ఊఁ… ఊఁ…” అని వినపడుతోందన్నదీ తట్టలేదు.

“నీ వైపు తేనెటీగలేమైనా పెంచుతున్నారా?” అని ఒకసారి వఫూలా అడిగాడు. ఆయనది ఎల్గాన్ కొండల వైపు, ఆయనకి ఈ ఆచారం తెలీదు. కిగ్గుండు మాత్రం తల వంచుకుని ముసిముసిగా నవ్వాడు. వాడు మసాకా వాడే. వాళ్లావిడ మోకాళ్ల మీద కూర్చునే వాడికి టీ అందిస్తుంది. వాడికి మొదటిరోజే తెలుసు. తెలిసి నెల రోజులు నోరు విప్పలేదు.

మరి తనే ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న నబుకెన్యా ఆ రోజు అరటికాయలు ఒలుస్తూ తనకి తనే వేసుకుంది. మోకరిల్లడం సిగ్గనా? కాదు. చిన్నప్పుడు అమ్మమ్మ ముందు ఎన్నిసార్లు వాలలేదు, అమ్మమ్మ తల నిమిరితే ఎంత హాయిగా ఉండేది! సిగ్గు అక్కడ లేదు. తను చేస్తున్న పని ఏదైనా సరే, ఎవరో కుర్చీలో కూర్చోగానే ఆగిపోయే పనే అని నలుగురికీ తెలిసిపోతుందని సిగ్గు. ఆగిపోని పనులూ ఉన్నాయి మళ్లీ. కరెంటు పోయి మీటింగులకి అందని లాకెర్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేది తనే. టుమ్వినెకీ కిగ్గుండుకీ మాటా మాటా పెరిగితే ఇద్దరినీ విడివిడిగా బుజ్జగించింది తనే. ఆఫీసులో ఇద్దరు మగాళ్లూ రోడ్డు పక్కన గుడ్డు చుట్టిన చపాతీ తింటూ ఏవేవో నిర్ణయాలు చేసేసుకుంటే, వాళ్లని పట్టుకుని అడిగి, ఎవరెవరు ఏమనుకున్నారో, ఎందుకనుకున్నారో ప్రతి సోమవారం అందరికీ ఉత్తరం రాసేది తనే. అది ఎవరూ చెప్పిన పని కాదు. కానీ ఆ ఉత్తరం లేకపోతే గులూలో ఒకటి, ఎంబరారాలో ఇంకొకటి జరుగుతుంది. ఆ ఉత్తరం చదివి వఫూలా ఎంతో ముచ్చటపడి, “మన జట్టుకి నువ్వు అమ్మవి” అన్నాడు. ఆ రోజు సంతోషపడింది పిచ్చిది. అమ్మకి ఎవరైనా పదోన్నతి ఇస్తారా?

పదింటికి కూర్చుంది. వేళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి.

వఫూలా గొంతు సవరించుకున్నాడు. “నా తర్వాత ఎవరన్నది ఇవాళ చెప్పేస్తాను. నబుకెన్యా, ముందు నీతో ఒక మాట. నువ్వు మంచిదానివి. కానీ ఈ నెలలో పదకొండుసార్లు మాయమయ్యావు. అడిగితే నెట్ అంటావు. అలా అయితే నమ్మకం ఎలా కుదురుతుంది చెప్పు?”

సరిగ్గా అప్పుడే హాల్లో కుర్చీ కిర్రుమంది. నమయంజ వచ్చి కూర్చుని, గోమెసి మడతలు సర్దుకుని, చిన్నగా దగ్గింది. కోడలికి అది పిలుపు.

నబుకెన్యా లేచింది. లేచి, రెండడుగులు వేసి, ఆగింది. వెనక్కి వచ్చి లాప్‌టాప్ రెండు చేతులతో ఎత్తి, హాల్లోకి తీసుకెళ్లి నేల మీద పెట్టింది. అత్తాకోడళ్లిద్దరూ కనపడేలా తెర వంచింది. దాని ముందే మోకాళ్ల మీద వాలింది.

“రాత్రి బాగా నిద్రపట్టిందా అత్తయ్యా?”

నమయంజ తెరలో నాలుగు మొహాలు చూసి ఒక్క క్షణం తడబడింది. అయినా ఆవిడ సామాన్యురాలా! వెన్ను నిటారు చేసి, మరీ నెమ్మదిగా, మసాకాలో ప్రతి మేకనీ కోడినీ పేరుపేరునా చెప్పింది. “ఊఁ” అంది కోడలు. “ఊఁ” అంది అత్త. తెరలో టుమ్వినె కళ్లు దించుకున్నాడు. కిగ్గుండు మొహం ఆముదం తాగినట్టు అయింది.

ఆవిడ ఊపిరి పీల్చుకునేలోగా నబుకెన్యా నేల మీంచే తెరవైపు తిరిగింది. “నేను మాయమయ్యేది ఇక్కడికండీ. నెట్ అని అబద్ధం చెప్పాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. కిగ్గుండుకి మొదటిరోజు నుంచీ తెలుసు.”

“ఇంటి గొడవలు మీటింగులో ఎందుకని ఊరుకున్నా,” అన్నాడు కిగ్గుండు.

“ఊరుకుంటే లాభం ఎవరికో నీకు తెలుసు కాబట్టి ఊరుకున్నావు.”

వఫూలా చేతులు ఊపాడు. “అయ్యయ్యో, ముందే చెప్పొద్దూ! ఆచారం కదా, గౌరవించాలి. ఇకనుంచి ఆ టైములో కెమెరా ఆపేసుకో, సరేనా? అంతా మర్చిపోయాం. ఇక అసలు విషయం. నా కుర్చీలోకి కిగ్గుండు వస్తాడు. ఆఫీసులో ఎప్పుడూ అందుబాటులో ఉంటాడు. నువ్వు పక్కనుండి నడిపిస్తావు, అమ్మలాగా. సోమవారం ఉత్తరం ఎలాగూ నీదే.”

నబుకెన్యాకి ఇప్పుడర్థమైంది. నిజం చెప్పినా అదే, చెప్పకపోయినా అదే. నమ్మకం కాదు వీళ్లకి కావలసింది, పక్క బల్ల దగ్గర మగాడు.

“ఉత్తరం ఇక రాయను,” అంది.

“అదేంటి, కోపమా?”

“అవునండీ, కోపమే. లాకెర్‌కి కరెంటు ఎప్పుడు పోతుందో కిగ్గుండుకి తెలుసా? టుమ్వినె ఎందుకు రాజీనామా రాసి మళ్లీ చింపేశాడో మీకు తెలుసా? ఈ జట్టుని నడిపించింది నేను. ఆ పని నాచేత చేయించుకుంటూ పేరు ఇంకొకరికి ఇస్తానంటే కుదరదు. ఆ కుర్చీ నాకు కావాలి. నోరు తెరిచి అడుగుతున్నాను.”

గులూ నుంచి లాకెర్ గొంతు వచ్చింది. “సార్, నాకు నమ్మకం ఎవరి మీదో నన్ను ఒక్కసారైనా అడిగారా? అక్క మీద.”

“నాకూ,” అన్నాడు టుమ్వినె, కళ్లెత్తకుండానే.

వఫూలా గడ్డం గోక్కున్నాడు. కిగ్గుండు వైపు చూశాడు, కిగ్గుండు ఇంకెటో చూస్తున్నాడు. “సరే… ఇప్పుడే తేల్చొద్దు. అందరి మాటా విని శుక్రవారం చెప్తాను. నబుకెన్యా, నువ్వు ఎందుకు అర్హురాలివో ఇప్పుడే చెప్పు, వింటాం.”

“ఏం కూతలమ్మా అవి!” వెనక నుంచి నమయంజ. “నన్ను పరాయి మగాళ్ల ముందు కూర్చోబెట్టి, పై మనిషిని ఎదిరిస్తావా? సాయంత్రం కిజ్జా రానీ చెప్తాను. నా పలకరింపు సగమే అయింది, మీ పుట్టింటివాళ్ల మాటే ఎత్తలేదు. ముందు అది కానీ.”

నబుకెన్యా ఆవిడ వైపు తిరిగింది.

“అత్తయ్యా, ఇకనుంచి మీటింగున్న రోజు పదింటికి ముందు వస్తే మోకాళ్ల మీద వాలి, మీరు చాలు అనేదాకా పలకరిస్తాను. పదకొండు దాటాక వచ్చినా అంతే. మధ్యలో వస్తే మాత్రం నిలబడే పలకరిస్తాను. కిజ్జాకి నేనే చెప్తాను, మీరు శ్రమపడకండి.”

నబుకెన్యా మోకాళ్లు దులుపుకుని లేచి, లాప్‌టాప్ బల్ల మీద పెట్టుకుని, కుర్చీ ముందుకి లాక్కుంది.

“చెప్తానండీ,” అంది. “కాస్త టైము పడుతుంది, వినండి.”