కలిపేసిన గొంతు

గాలి.

ఎండిన వంకలో ఇసుకను ఈడ్చుకుంటా పోయే గాలి. బండల సందుల్లో దూరి ఊళ పెట్టే గాలి.

గోరంట్ల పక్కన మా ఊరికి వాన దారి మరిచిపోయింది. గాలి మరవలేదు.

ఆ గాలికి ఎదురు నిలబడి పాడేటోళ్లం. ఆరుగురం. మండలాఫీసు ముందర, సంతలో, బస్టాండులో — కరువు పాటలు.

సుంకన్నది పై గొంతు. గాలిని చీల్చేది.

పాటలు క్యాసెట్టు చేద్దామని ఊరూరా చందా అడిగి, రెండువేల ఒకటిలో బెంగుళూరు పోయినాము. నేనూ, సుంకన్నా.

అంగట్లో బల్ల మీద రెండు రికార్డింగు మిషన్లు.

ఒకటి ఎనిమిది ట్రాకులది. ఎవరి గొంతు వాళ్ల ట్రాకులో వేరుగా ఉంటాది. కరెంటు కావాల.

ఇంకోటి నాలుగు ట్రాకులది. సెల్లులతో నడుస్తాది. చంకలో పెట్టుకొని పోవచ్చు.

నాలుగింట్లో ఆరుగురం ఎట్ల పడతామప్పా అంటే, అంగడాయన చెప్పినాడు — ముగ్గురు పాడండి, ఆ మూడూ కలిపి నాలుగోదాంట్లో పోయండి, ఖాళీ అయిన మూడింట్లో మిగిలినోళ్లు పాడండి. ఒకటే... కలిపింది మళ్లా విడదీయలేరు.

మూడు బిందెల నీళ్లు ఒక తొట్టిలో పోసినట్ల.

సుంకన్న పెద్దదాని మీద చేయి పెట్టుకొని కదల్లేదు.

"అన్నా, ఎవురి గొంతు వాళ్లకుండనీ. కదిరిలో కరెంటు ఉండాది గదా, ఆడికి పోయి పాడదాం."

"ఏమప్పా, నీ గొంతుకు పట్టా కావాల్నా? పాసుబుక్కు గూడా ఇప్పిస్తా పా!"

నవ్వినాడు. చేయి తీసేసినాడు.

చిన్నదే కొన్నాము. సెల్లులు సాకు. గొంతులన్నీ ఒకటి కావాలనేది నా పంతం. ఒంటి గొంతు ఏ ఆఫీసరుకు వినపడింది?

వంకలోనే పాడినాము. పట్టపగలు. ముందు సుంకన్న, ఆదెప్ప, నేను. ముగ్గుర్నీ కలిపి నాలుగోదాంట్లో పోసినా. నా చేత్తోనే.

క్యాసెట్టు ఊరూరా తిరిగింది.

వాన రాలేదు.

మరుసటేడు చెనిక్కాయ విత్తనం భూమిలోనే మాడింది. సుంకన్న మళ్లా బెంగుళూరు పోయినాడు, కూలికి. ఐదో అంతస్తు మీంద నుంచి పడినాడు.

దినాలు అయినాక వాని పెండ్లాం హేమావతి వచ్చింది.

"ఫోటో ఉండాదన్నా. గొంతు లేదు. మీ మిషన్లో ఉండాది గదా, ఆయప్పది ఒక్కటే తీసీయి. మీ గొంతులొద్దు."

నాలుగో ట్రాకు ఒక్కటే వదిలి, తక్కినవి మూసేసినా.

సుంకన్న ఉన్నాడు. ఆదెప్ప ఉన్నాడు. ఇద్దరి మీదా ఎక్కి నేను... అరుస్తాండా.

"ఇంగా వడగట్టన్నా."

మిషన్ మీటలు తిప్పినా. నేను తగ్గితే వాడూ తగ్గినాడు. ఆదెప్ప సన్నబడితే వాడూ సన్నబడినాడు.

తొట్టిలో నీళ్లు. ఏ బిందెవి ఏవి?

టేపు మొదటికి తిప్పినా. పాటకు ముందర — గాలి. గాలిలో ఒక దగ్గు.

హేమావతి చేయెత్తింది.

"అదే! ఆయప్పే! పాడేముందు అట్లనే దగ్గుతాడు!"

ఆ దగ్గు నాది.

"మళ్లా పెట్టన్నా."

పెట్టినా.

"మళ్లా."

కండ్లు మూసుకొని ఇంటాంది. మిషన్‌కు చెవి ఆనించి, నవ్వుతాంది.

నా గొంతులో దగ్గు లేస్తాండాది. నోట్లో తుండుగుడ్డ కుక్కుకున్నా.

"మళ్లా..."

మిషన్లో గాలి. బయట వంకలో, ఇసుకను ఈడ్చుకుంటా —

గాలి.