ఆపేసి చూసే టీవీ

మా అక్కవాళ్ల టీవీ పచ్చగీతలు గీయడం మొదలుపెట్టి చాన్నాళ్లయింది. వార్తలు చదివే అమ్మాయి మొహం మీదా గీతలే, వాతావరణం మ్యాపు మీదా గీతలే. "మార్చెయ్ అక్కా" అంటే "బానే ఉంది కదే" అనేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. నేనూ ఆ కడుపునే పుట్టాను కాబట్టి, ఒక ఆదివారం కొలిచే టేపు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

గది చిన్నది. పడమటి గోడకి పెద్ద కిటికీ, ఎదురు గోడకి టీవీ. మధ్యాహ్నం దాటితే వెలుగంతా తిన్నగా వచ్చి తెర మీదే పడుతుంది. సోఫాకీ టీవీకీ మధ్య టేపు పరిచి చూశాను.

"ఇంత దగ్గర కూర్చునేవాళ్లకి గోడంత టీవీ పెడితే మెడ పట్టేస్తుంది. ఓ మాదిరిది చాలు. కిటికీ వెలుగు కొట్టకుండా మెరుపు లేని తెర తీసుకుందాం. అందులో ఎదుటి వస్తువుల నీడ పడదట" అన్నాను.

"నీడ పడనిది నాకొద్దు" అంది అక్క. నీడ కోసం ఇంత పట్టుదలేంటని ఆశ్చర్యపోయాను.

ఎలాగో బతిమాలి దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడ గోడ నిండా టీవీలు. అన్నిట్లోనూ అదే సముద్రం, అవే చేపలు. సేల్స్‌మన్ మర్యాదగా అడిగాడు. "ఎక్కువగా ఏం చూస్తారు మేడమ్? ఆటలా, సినిమాలా, సీరియళ్లా?"

"ఆపేసి చూస్తాను" అంది అక్క.

నవ్వాలో మానాలో తెలియక అతను నా వైపు తిరిగాడు. "కరెంటు ఆదా అండీ" అన్నాను, పరువు కాపాడుకోవాలి కదా. అక్క ఆగితేగా! ఒక్కొక్క టీవీనే ఆపించి, నల్లబడ్డ తెర ముందు నిలబడి చూడటం మొదలుపెట్టింది. తన మొహం చూసుకోవడం లేదు. తన భుజం పక్కనుంచి వెనక్కి చూస్తోంది. మెరుపు లేని తెర దగ్గర కాసేపు వంగి చూసి, "ఇందులో ఎవరూ కనపడరు" అని ముందుకి కదిలింది.

నేను చెయ్యి పట్టుకుని బయటి బెంచీ దగ్గరికి లాక్కొచ్చాను. "ఏంటక్కా ఈ తతంగం? ఎవరు కనపడాలి నీకు?"

"మీ బావ" అంది.

బావగారు పోయి ఏడాది కావస్తోంది.

"టీవీ ఆపగానే ఆ నల్లటి తెరలో కనిపిస్తారే. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. మొదట్లో వీధి తలుపు దగ్గర నిలబడేవారు. తర్వాత చెప్పుల స్టాండు దాటారు. ఇప్పుడు భోజనాల బల్ల దాకా వచ్చారు. ఆయన సంగతి తెలుసుగా, మెల్లిగా వస్తారు."

బతికున్నప్పుడూ బావగారు అంతే. ఇల్లంటుకుందని అరిస్తే నా చెప్పులెక్కడున్నాయని అడిగే మనిషి. నవ్వబోయి ఆగిపోయాను.

"సోఫా దాకా వస్తే?"

"వెళ్దామా అంటారు. వెళ్తాను."

బస్సు వస్తే ఎక్కుతానన్నంత మామూలుగా చెప్పింది. అమ్మా నాన్నా పోయాక నన్ను ఒసేయ్ అని పిలిచేవాళ్లు లోకంలో అక్కొక్కతే. ఆవిడ కూడా పోతే నాకెవరున్నారు? భయం వేస్తే నాకు కోపం వస్తుంది. నీకు మతి పోయిందని ఒంటికాలి మీద లేచాను. అక్క కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది.

ఆవిడని ఆటో ఎక్కించి, ఒక్కదాన్నే మళ్లీ దుకాణంలోకి వెళ్లాను. దెయ్యాలనీ భూతాలనీ నేను నమ్మను. నమ్మకపోయినా ఓ లెక్క వేసుకున్నాను. ఆయన కనపడకపోతే అక్క ఎదురుచూడటం మానేస్తుంది. ఎదురుచూసేవాళ్లు లేకపోతే వచ్చేవాళ్లూ ఉండరు. "నీడన్నది పడకూడదు. అలాంటిదే ఇవ్వండి" అన్నాను. సేల్స్‌మన్ తెగ మెచ్చుకున్నాడు. "గదికి తగ్గది ఎంచుకున్నారు మేడమ్. చాలామంది కిటికీ సంగతే ఆలోచించరు" అన్నాడు. ఆ మాటకి పొంగిపోయాను కూడా.

మర్నాడు మనుషులొచ్చి కొత్తది బిగించి, పాతది పట్టుకుపోయారు. వాళ్లు వెళ్లాక అక్క కొత్త టీవీ ఆపి చూసింది. తెర పలకలా ఉంది. దాని మీద అరచేత్తో ఒకసారి తడిమింది. తిడుతుందేమోనని కాచుకుని ఉన్నాను. తిట్టలేదు. "రోజూ సాయంత్రం వచ్చి కూర్చోవే" అంది, అంతే.

రోజూ వెళ్లాను. వారం తిరిగేసరికి నాకు ధైర్యం వచ్చింది. ఆ సాయంత్రం గది నిండా ఎండ. అక్క సోఫా మధ్యలో కూర్చుని పక్షుల కార్యక్రమం చూస్తోంది. నేను ఎడమ పక్కన కూర్చున్నాను.

"బొమ్మ బాగుందా?"

"చాలా బాగుంది. ఒక్క గీత లేదు."

"ఇప్పుడు ఎవరూ కనపడట్లేదుగా?"

"కనపడట్లేదు."

"హమ్మయ్య! అంతా నీ మనసులోదే అని చెప్తే విన్నావా? ఇంక రారు."

అక్క నా వైపు జాలిగా చూసింది. "పిచ్చిమొహమా, చూసేది నేను. నడిచేది ఆయన. నేను చూడకపోతే ఆయనెందుకాగుతారు? ఇదివరకు ఎందాకా వచ్చారో తెలిసేది. ఇంకా టైముంది, నీతో చెప్పాల్సినవి చెప్పుకోవచ్చులే అనుకునేదాన్ని. ఇప్పుడు అదీ తెలీకుండా చేశావు."

గదంతా చూశాను. బల్ల, కుర్చీలు, మూసిన తలుపు. రిమోట్ తీసుకుని టీవీ ఆపాను. లేచి, ముక్కు తగిలేంత దగ్గరగా ఆ తెరలోకి చూశాను. ఆయనే కాదు, అందులో నేనూ లేను, అక్కా లేదు, వెనక అంత ఎండతో వెలుగుతున్న కిటికీ లేదు.

ఏడుపొచ్చేసింది. "పద అక్కా, మా ఇంటికి పోదాం. ఈ క్షణమే" అంటూ ఎడమ చెయ్యి పట్టుకుని లాగాను.

అక్క లేవబోయింది. నిజంగానే లేవబోయింది. సగం లేచి ఆగిపోయింది. అప్పుడు చూశాను. ఆవిడ కుడి చెయ్యి సోఫాలో అటు పక్క ఖాళీ దిండు పైన గాల్లో చాచి ఉంది. వేళ్లు ఎడంగా విడి ఉన్నాయి, వాటి మధ్య ఇంకెవరివో వేళ్లు ఉన్నట్టు. నేను రెండు చేతులతో బలమంతా పెట్టి లాగాను. ఆ చెయ్యి ఇంకాస్త అటు సాగింది.

"నొప్పెడుతోంది" అంది అక్క, మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ. "ఎవరో ఒకరు వదలండి."

నేను వదల్లేదు.