బేకరీలో దీపం

ఎక్‌హార్ట్ ఇంటి నేలమాళిగలో బొమ్మ రైళ్ల ఊరు కట్టి పదేళ్లయింది. ఈ ఆదివారం అందులోని బేకరీకి దీపం పెట్టాడు. స్విచ్ నొక్కగానే కిటికీలే కాదు, పల్చటి ప్లాస్టిక్ గోడలు కూడా లాంతరులా వెలిగిపోయాయి.

"నీ మొహం మండ!" అని బేకరీనే తిట్టి, జిగురుతో అతికించిన పైకప్పును ఊడబెరికాడు. పొగగొట్టం విరిగింది. లోపలి గోడలకు దట్టంగా నల్లరంగు పూసి, అది ఆరేదాకా పళ్లు నూరుతూ కూర్చుని, కప్పు మళ్లీ అతికించాడు. ఈసారి గోడల్లోంచి చుక్క వెలుతురు కూడా బయటికి రాలేదు.

కాఫీ, ప్లమ్ కేకు పట్టుకొచ్చిన భార్య రోస్‌విత వంగి కిటికీలోంచి చూసింది.

"అయ్యయ్యో, రొట్టెలు మాడ్చేశావా? లోపలంతా మసే!"

నిజమే. నలుపు మీద తెల్లరంగు కూడా పూయాలన్న సంగతే మరిచిపోయాడు.

"నువ్వు పైకెళ్తావా లేదా? పొద్దుట్నుంచీ చస్తున్నానిక్కడ!"

"వెళ్తాలే. కేకు తిను."

కప్పు మళ్లీ ఊడదీయడానికి కత్తి వెతుక్కుని ఇటు తిరిగేసరికి, స్టేషన్ పక్కనుండే బొమ్మ ఫైరింజను బేకరీ గుమ్మం ముందుంది. దాని నిచ్చెన కిటికీకి ఆనించి ఉంది. మెట్ల మీంచి రోస్‌విత నవ్వు వినిపిస్తోంది.