జంట రజాయికి పత్తి

బోర్డు మీద రాసిన మాటని చెరిపి మళ్ళీ అదే మాట రాసింది పెరిహాన్. టర్కీ భాషలో 'గెల్' అంటే రా. దాని వెనక 'ఎజెక్' తగిలిస్తే ఇంకా జరగని రాక. మందంగా పలికే మాటకి 'అజాక్', పలచగా పలికేదానికి 'ఎజెక్'. చివర 'నేను' వచ్చి చేరితే ఆ గట్టి 'క్' కరిగిపోయి 'గెలెజేయిమ్' అవుతుంది, నేను వస్తాను. ఇన్నేళ్ళుగా చెబుతున్న పాఠం, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఇవాళ మాత్రం చేతిలో సుద్దముక్క విరుగుతూనే ఉంది.

కింద రొట్టెల బట్టీ, పైన తరగతి గది. మెర్సిన్ ఓడరేవు ఊరి ఉక్కకి బట్టీ సెగ తోడయింది. పెరిహాన్‌ది పొట్టి ఒళ్ళు, కత్తిరించుకున్న నెరిసిన జుట్టు. ఎంత ఉక్కలోనైనా ఊలు కోటు విప్పదు. దాని మోచేతుల దగ్గర సుద్ద అంటుకుని తెల్లగా ఉంటుంది. సాయంత్రానికి వాచే మడమలు ఇవాళ పొద్దున్నే వాచాయి. రాత్రి నిద్రపడితే కదా.

"రేపటి గురించి ఒక్కొక్కరూ ఒక వాక్యం చెప్పండి," అంది.

సిరియాలోని అలెప్పో నుంచి వచ్చి మిఠాయి దుకాణంలో పనిచేసే హాలా లేచింది. "రేపు మా చెల్లెలు వస్తుంది, ఇన్షాల్లా."

"పరీక్షలో ఇన్షాల్లా రాయక్కర్లేదమ్మా."

"మా చెల్లెలి సంగతి మీకు తెలీదు టీచర్. దేవుడి మీద పెడితేనే కాస్త భయపడుతుంది."

తరగతంతా నవ్వింది. హాలా కూర్చోలేదు. "మీరూ ఒకటి చెప్పండి. ఎప్పుడూ మాచేతే చెప్పిస్తారు."

పెరిహాన్ కిటికీ వైపు చూసింది. ఎదురుగా రజాయిల దుకాణం, షట్టరు దించేసి ఉంది. "చూద్దాం," అంది.

"అది లెక్కలోకి రాదు," అంది హాలా.

లెక్కలోకి రాని ఆ మాటే పెరిహాన్‌కి తండ్రి ఇచ్చిన ఆస్తి. ఓడరేవులో గుమాస్తాగా చేసిన ఆ పెద్దమనిషి పిల్లలు సైకిలు అడిగినా, బొమ్మ అడిగినా, సముద్రానికి తీసుకెళ్ళమన్నా "చూద్దాం" అనేవాడు. వాళ్ళింట్లో చూద్దాం అంటే లేదని అర్థం. ఎదుటివాడి మనసు నొప్పించకుండా తలుపు వేసే పద్ధతి. అక్క నెజిహె ఆ తలుపుని తన్ని బయటికి పోయి, మొగుడు పోయాక తిరిగి వచ్చింది. పెరిహాన్ లోపలే ఉండిపోయింది. కోన్యా ఊళ్ళో పర్మనెంటు ఉద్యోగం ఇస్తామంటే చూద్దాం అంది, అది ఇంకొకరికి పోయింది. ఓడ ఇంజనీరు ఒకతను చేసుకుంటానంటే చూద్దాం అంది, అతను ఇంకొకామెని చేసుకున్నాడు. "నీ సమాధి మీద కూడా చూద్దాం అనే చెక్కిస్తానే," అంటూ ఉంటుంది నెజిహె, ఆలివ్ గింజలు పళ్ళెంలో ఉమ్ముతూ.

ఆ రజాయిల దుకాణం జావిత్‌ది. భార్య పోయినవాడు. నోట్లో ఎప్పుడూ దారప్పోగు, కనుబొమల మీద ఎప్పుడూ పత్తినూగు. తరగతుల మధ్య పెరిహాన్ అక్కడికెళ్ళి ఒక టీ తాగుతుంది. మిషను రజాయిలొచ్చి ఆ పని చచ్చిపోయింది. అతను కొట్టు ఎత్తేసి దూరాన ఐవలిక్ ఊళ్ళో తన ఆలివ్ తోటకి వెళ్ళిపోతున్నాడు. మొన్న కర్రతో పత్తి కొడుతూ కొడుతూ ఆగి, ఆమె వైపు చూడకుండా, ఎప్పటిలాగే పేరుకి 'హనుమ్' అని గౌరవం తగిలించి అడిగాడు.

"పెరిహాన్ హనుమ్, అక్కడికెళ్ళాక ఒంటి రజాయి కుట్టుకోవాలా, జంటది కుట్టాలా? పత్తి తూయించుకోవాలి కదా."

ఆమె తన అలవాటు మాటే అంది. అతను తల ఊపి, "శుక్రవారం మధ్యాహ్నం బస్సు. అప్పటిదాకా చూడండి," అన్నాడు.

ఇవాళ శుక్రవారం.

ఆమె పాఠం ముందుగానే ముగించేసింది. గది తాళం వేసి, వేశానా లేదా అని వెనక్కొచ్చి చూసుకుంది. మెట్ల దగ్గర హాలా ఎదురుపడి చేతిలో ఒక నీళ్ళ సీసా పెట్టింది. "పొద్దున్నుంచి ఒక్క గుక్క తాగలేదు మీరు. గొంతు చూడండి, ఎలా ఉందో."

పెరిహాన్ దాన్ని అలాగే పట్టుకుని షేరు వ్యాను ఎక్కింది. దారంతా ఒకే మాట లోలోపల అనుకుంటూ వచ్చింది. వస్తాను. వేలమంది చేత చెప్పించిన మాట, తన కోసం ఒక్కసారైనా అన్నట్టు గుర్తులేదు.

బస్సుల స్టాండులో ఒక ముసలామె సైన్యానికి వెళ్తున్న మనవడి బస్సు వెనక కూజాతో నీళ్ళు ఒంపుతోంది. "నీళ్ళలా వెళ్ళి నీళ్ళలా రా నాయనా." వెళ్ళేవాళ్ళ వెనక ఉండిపోయేవాళ్ళు పోసే నీళ్ళు అవి. పెరిహాన్ ఆ తడిని తప్పించుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది.

జావిత్ ఐవలిక్ బస్సు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, గుడ్డలో చుట్టిన పత్తికర్ర చంకలో పెట్టుకుని. ఆమెని చూసి ముఖం విప్పారింది. తర్వాత ఆమె చేతిలో సీసా చూశాడు.

"నీళ్ళు కూడా తెచ్చారా," అన్నాడు మెల్లగా. "మంచిది. రానని నోటితో అనే కష్టం లేకుండా చెప్పారు."

"ఇది..." అంది పెరిహాన్.

"ఐవలిక్ వాళ్ళు ఎక్కండి, తలుపేస్తున్నా," అని బస్సు కుర్రాడు కేకేశాడు.

జావిత్ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచి, ఎక్కేశాడు. బస్సు వెనక్కి జరిగి, మలుపు తిరిగి, వెళ్ళిపోయింది. ఆమె నోరు ఇంకా తెరుచుకునే ఉంది.

తన మీద తనకే ఒళ్ళు మండింది. ముందు తండ్రి మీద, తర్వాత పాపం హాలా మీద, మళ్ళీ తన మీద. ఇంటికెళ్తే నెజిహె ఏమంటుందో తెలుసు. ఏమీ అనకపోతే అది ఇంకా ఘోరం. బెంచీ మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. సీసా పక్కన పెట్టి సంచిలోంచి ఫోను తీసింది. వేళ్ళకి సుద్ద, ఫోను తాకితే పలకలేదు. కోటుకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది.

"చెప్పండి," అన్నాడు జావిత్. వెనక బస్సు హోరు.

"నేను నీళ్ళు పొయ్యలేదు."

అటువైపు బస్సు అద్దం మూసిన చప్పుడయింది.

"అంటే?"

"దాహానికి ఇచ్చింది మా విద్యార్థి. మూత కూడా తియ్యలేదు. నేను వస్తాను జావిత్ బేయ్."

"ఇన్షాల్లా అనలేదే."

"అనను. వస్తాను."

అతను గొంతు సవరించుకున్నాడు. ఏమంటాడోనని ఆమె చెవికి ఫోను ఇంకా గట్టిగా అదుముకుంది. "అయితే దారిలో ఎక్కడైనా దిగి పత్తి ఎక్కువే కొనాలి," అన్నాడు.

పెరిహాన్ ఫోను సంచిలో వేసుకుని లేచి నడిచింది. అక్కకి చెప్పాలి, పెట్టె దింపాలి, హాలా వాళ్ళకి ఇంకో టీచర్ని చూడాలి. వాచిన మడమల సంగతే మరిచిపోయి, ముసలామె పోసిన తడిలోంచే వెళ్ళిపోయింది. బెంచీ మీద, నిండుగా, మూత సీలు విప్పకుండా ఆ నీళ్ళ సీసా అలాగే ఉంది.