హాల్లో గుంట

చీరాలలో వేణుగోపాల్ గారి ఇల్లు గీసింది నేనే. ఆ మాట బయట చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు.

చీరల వ్యాపారం కలిసొచ్చి, పాత పెంకుటిల్లు పడగొట్టి మేడ కట్టాలనుకున్నారాయన. ఆర్కిటెక్టునని గుంటూరు నుంచి నన్ను పిలిపించారు. ఆయన కోరికలు చెప్పడానికే ఒక పూట పట్టింది. ఆయన భార్య మల్లేశ్వరి గారు మాత్రం ఒక్కటే అడిగారు: గుంట మగ్గానికి ఒక గది, పక్కన కిటికీ. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం అది. పెళ్లికి ముందు నుంచీ ఆవిడ నేస్తూనే ఉన్నారు. వ్యాపారం ఎంత పెరిగినా మగ్గం వదల్లేదు.

ఉత్తరం వైపు మంచి వెలుతురొచ్చే గది గీశాను. వాస్తు సిద్ధాంతి వచ్చి, ఇంట్లో గుంటేమిటని కొట్టేశాడు. తూర్పుకి జరిపితే కుదరదన్నాడు. నైరుతి మాట ఎత్తనే వద్దన్నాడు. నేనూ పట్టుదలకి పోయి నాలుగు ముక్కలు చదువుకెళ్లి, ఈశాన్యంలో పల్లం మంచిదే కదా అని వాదించాను. నీళ్లుంటే మంచిది, కాళ్లు పెడితే కాదన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పోనీ పెరట్లో షెడ్డు వేద్దామంటే, కారెక్కడ పెట్టాలని వేణుగోపాల్ గారు అడిగారు. చివరికి మగ్గం గది కాస్తా చీరల స్టాకు గదైపోయింది. మల్లేశ్వరి గారు కొత్త ప్లానులో ఆ గది కోసం కాసేపు వెతుక్కుని, కాగితం మడిచి నా చేతికిచ్చి లోపలికి వెళ్లారు.

పునాదులు లేచాక ఆయన నాకొక ఫొటో పంపారు. హైదరాబాదులో ఎవరిదో విల్లా. హాలు మధ్యలో నేల మోకాలి లోతు దించి, అందులో సోఫాలు వేశారు. మనకీ అలాగే కావాలన్నారు.

“మరి ఇది గుంట కాదాండీ?” అని ఫోన్ చేసి అడిగాను.

“గుంటెందుకవుద్దండీ హారిక గారూ, ఇది డిజైన్ కదా,” అన్నారాయన. మెట్లుంటే దోషం లేదని సిద్ధాంతి గారు కూడా చెప్పారట.

అయితే ఆ మెట్లేవో మగ్గానికీ కడదామన్నాను. నేనేదో జోకేశాననుకుని పగలబడి నవ్వారు. మార్టూరు నుంచి నల్ల గ్రానైట్ తెప్పించి, ఆ డిజైన్‌కి నేనే పళ్లు కొరుక్కుంటూ అంచులు కట్టించాను. మధ్యలో వదిలేసి పోదామని ఎన్నిసార్లు అనిపించిందో. నేనూ పోతే ఆవిడ తరఫున పోట్లాడే మనిషి కూడా ఉండదని ఆగాను. ఉండి మాత్రం ఏం సాధించానో నాకే తెలియదు.

గృహప్రవేశమయ్యాక మళ్లీ కబురు పెట్టారు. చీరలు కొనడానికొచ్చే వాళ్లకి ఎదురుగా, హాలు గోడకి, మగ్గం నేస్తున్న ఫొటో ఒకటి పెద్దది ఉండాలట. నేను వెళ్లేసరికి ఫొటో గోడకి ఆనించి ఉంది. అందులో నేస్తున్నది మల్లేశ్వరి గారే. సోఫాలో కూర్చున్న ఆడవాళ్లకి వేణుగోపాల్ గారు చీర మడత విప్పుతూ, మా ఇంట్లో నేసిందేనండీ, అదిగో మా ఆవిడే అని చూపిస్తున్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. వంటింట్లోకి వెళ్లి, మొత్తానికి మగ్గం ఎక్కడ పెట్టించారమ్మా అని ఆవిణ్ణి అడిగాను.

మల్లేశ్వరి గారు నా చేతికి కాఫీ ఇచ్చి, హాలు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

“ఆ ఫొటోలోది మా మగ్గం కాదమ్మా, పక్క వీధిలో బుల్లయ్య గారని, ఆయన మగ్గాల షెడ్డులోది. పొద్దున్నే పోయి నేసొస్తన్నా. కూలి తీసుకుంటే ఈయన పరువు పోద్దంట. అందుకని బుల్లయ్య గారికి ఊరికే నేసిస్తన్నా.”